పద్నాలుగో పేజీ, తొమ్మిదో క్లాజు

ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్లకు కాంట్రాక్టులు పంపే కంపెనీల లీగల్, ప్రొక్యూర్‌మెంట్ విభాగాల వారికి,

నమస్కారం.

నేను కాకినాడలో ఉంటాను. మాదాపూర్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేసి, 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చినవాణ్ని మళ్లీ వెనక్కి వెళ్లలేదు. అప్పట్నుంచీ ఫ్రీలాన్సే. పైథాన్, జాంగో, అప్పుడప్పుడూ ఫ్లట్టర్, ఇవీ నేను ప్రోగ్రాములు రాసే సాధనాలు. మీలో ఎవర్నీ నేను ముఖాముఖి చూడలేదు, మీ పేర్లూ తెలియవు. పని గురించి మాట్లాడేది ప్రాజెక్టు మేనేజరు, డబ్బుల గురించి అడిగితే జవాబిచ్చేది అకౌంట్స్ వాళ్లు. మీరు కనిపించేది పీడీఎఫ్‌లోనే. అయినా నా పని మీద వాళ్లందరికంటే ఎక్కువ అధికారం మీదే కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

కిందటి నవంబరులో హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇరవై మూడు పేజీల కాంట్రాక్టు పంపింది. గిడ్డంగుల్లో సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్‌కి కొత్త మాడ్యూల్ రాయాలి. నాకు బాగా అలవాటైన పనే. పద్నాలుగో పేజీలో తొమ్మిదో క్లాజు దగ్గర ఆగాను. దాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: కాంట్రాక్టరు ఈ పనిలో ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ, ఏ రూపంలోనూ ఏఐ టూల్స్ వాడరాదు, వాడినట్టు కంపెనీ భావిస్తే చెల్లింపు ఆపవచ్చు, అప్పటిదాకా ఇచ్చిన సొమ్మూ వెనక్కి తీసుకోవచ్చు, దానివల్ల కలిగే సమస్త నష్టానికీ కాంట్రాక్టరే పరిమితి లేకుండా బాధ్యుడు.

"తేలితే" అని కూడా కాదు, "భావిస్తే" అని ఉంది. ఆ మాటను రెండుసార్లు చదువుకున్నాను.

కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశాను. "అందరూ పెట్టేస్తున్నారు సార్, మీకే ఎందుకు డౌటు?" అంది ఆ అమ్మాయి. తప్పు ఆమెది కాదు. మెయిల్లో రాసి పంపమంటే నాలుగు ప్రశ్నలు రాసి పంపాను. నేను సగం లైను కొట్టగానే ఎడిటర్ మిగతా సగం చూపిస్తుంది కదా, అది లెక్కలోకి వస్తుందా? గూగుల్లో ఎర్రర్ మెసేజ్ వెతికితే పైన ఏఐ రాసిన జవాబే ముందు కనిపిస్తుంది, దాన్ని చూడకుండా కళ్లు మూసుకుని కిందికి జరపాలా? నేను వాడే ఓపెన్ సోర్స్ లైబ్రరీని (ఎవరో రాసి అందరూ వాడుకోమని బయటపెట్టిన కోడ్‌ని) రాసినవాడు ఏఐ వాడి ఉంటే "పరోక్షంగా" అన్న మాట కింద నేను దొరికిపోతానా? నాలుగోది నాకు ఇష్టమైన ప్రశ్న. మీ రిపాజిటరీలోనే, అంటే మీ కోడ్ ఉండే చోటే, ఏఐ రివ్యూ బాట్ ఒకటి ఉంది, చేర్చమని పంపే ప్రతి మార్పు (పుల్ రిక్వెస్ట్) కిందా అది వ్యాఖ్యలు పెడుతుంది. అది చెప్పిన దిద్దుబాటును నేను ఒప్పుకుని మార్చితే, కాంట్రాక్టు తప్పింది నేనా, మీ బాటా?

తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. "ఇది మా స్టాండర్డ్ క్లాజు. మార్పులకు వీలుకాదు."

ఈలోగా అదే కంపెనీ ప్రాజెక్టు మేనేజరు ఫోన్ చేశాడు. నేను ఆరు వారాలకు ఎస్టిమేట్ ఇచ్చాను. "ఇప్పుడు కర్సరూ క్లాడూ లాంటి ఏఐ టూల్స్ అన్నీ ఉన్నాయి కదండీ, మూడు వారాల్లో తేలిపోతుంది కదా" అన్నాడు. పద్నాలుగో పేజీ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. "అదా... లీగల్ వాళ్ల ఫార్మాలిటీ అండీ. అదెవరు చూస్తారు?"

మీరు రాసిన క్లాజు గురించి మీ కంపెనీలోనే అనుకునే మాట అది. మీకు తెలియాలని రాస్తున్నాను.

నేను సంతకం పెట్టలేదు. మరీ నిజాయితీపరుణ్ని అని కాదు, భయస్థుణ్ని. ఏడాదికి పన్నెండు, పద్నాలుగు లక్షలు సంపాదించేవాణ్ని "పరిమితి లేకుండా" అనే మాట కింద సంతకం ఎలా పెడతాను? ఇల్లు మా అమ్మ పేరున ఉంది. ఆ పని ఎవరికి వెళ్లిందో తర్వాత తెలిసింది. నాకు తెలిసిన కుర్రాడే. ఇరవై మూడు పేజీల్లో తొలి పేజీ, ఆఖరి పేజీ చూసి సంతకం పెట్టాడు. మూడు వారాలు అన్నారు కాబట్టి ఏఐ లేకుండా ఆ పని కాదు. మీరిచ్చిన లాప్‌టాప్‌లో టూల్స్ అన్నీ బ్లాక్ చేసి ఉన్నాయి కాబట్టి పక్కన తన సొంత లాప్‌టాప్ పెట్టుకున్నాడు. అందులో సొంత మెయిల్‌తో తెరిచిన ఉచిత అకౌంటు. మీ గిడ్డంగుల డేటాబేసు స్కీమా (ఏ సమాచారం ఎక్కడ, ఎలా ఉంటుందో చెప్పే నమూనా) మొత్తం, టేబుల్ పేర్లతో సహా, అందులో పేస్ట్ చేశాడు. టీ తాగుతూ చాలా మామూలుగా చెప్పాడు. అతన్ని తప్పు పట్టలేను. ఇద్దరు చెల్లెళ్ల చదువు, బైకు ఈఎంఐ.

మీరు భయపడింది ఏదో, సరిగ్గా అదే జరిగింది. పెద్ద టూల్స్ అన్నిటిలోనూ కంపెనీలకు అమ్మే అకౌంట్లు వేరు, జనం ఉచితంగా వాడే అకౌంట్లు వేరు. కంపెనీ అకౌంట్లలో పెట్టిన కోడ్‌ని మామూలుగా ఏఐ మోడల్ శిక్షణకు వాడరు, ఆ మాట వాళ్ల ఒప్పందాల్లోనే ఉంటుంది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ, తన ఏపీఐ (వేరే సాఫ్ట్‌వేర్లు దాని మోడల్‌ని వాడుకునే దారి) ద్వారా వచ్చే డేటాను 2023 మార్చి నుంచి, వినియోగదారు కోరితే తప్ప, శిక్షణకు వాడటం మానేసింది. ఉచిత అకౌంట్ల సంగతి అలా కాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనం ఆపితే తప్ప, మనం పెట్టింది శిక్షణకు పోయే అవకాశం ఉంటుంది. ఆ కుర్రాడు ఏ సెట్టింగూ మార్చలేదు. అడిగితే "అలాంటిది ఉందా అన్నా?" అన్నాడు.

మీ తొమ్మిదో క్లాజు చేసిన పనల్లా ఒకటే. అడిగి తెలుసుకోబోయిన నన్ను బయటికి పంపి, అడక్కుండా సంతకం పెట్టినవాణ్ని లోపలికి తెచ్చింది. ఆ పైన, అతను ఏ టూల్ వాడాడో, ఏ అకౌంటులో వాడాడో మీకు ఎప్పటికీ చెప్పలేని స్థితిలో పెట్టింది. చెబితే ఇచ్చిన డబ్బు కూడా వెనక్కి పోతుంది కదా.

మీ భయాలు ఉత్తవి అని నేను అనడం లేదు. 2023లో శాంసంగ్ ఇంజనీర్లు కంపెనీ సోర్స్ కోడ్‌ని చాట్‌జీపీటీలో పేస్ట్ చేశారని బయటపడింది. ఆ మే నెలలో ఆ కంపెనీ తన పరికరాల్లో అలాంటి టూల్స్‌ను నిషేధించింది. మీలో చాలామంది కాంట్రాక్టుల్లో ఈ క్లాజు నాకు కనిపించడం మొదలైంది దాదాపు ఆ రోజుల్లోనే. ఇంకో భయం లైసెన్సులది. కోడ్ సూచించే ఏఐ టూల్ గిట్‌హబ్ కోపైలట్ మీద 2022 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రోగ్రామర్లు కేసు వేశారు. తాము ఓపెన్ సోర్స్ లైసెన్సుల కింద పెట్టిన కోడ్‌ని, రాసినవాళ్ల పేరూ లైసెన్సూ లేకుండా ఆ టూల్ మళ్లీ బయటికి ఇస్తోందన్నది వాళ్ల ఫిర్యాదు. జీపీఎల్ (తనతో కలిసిన కోడ్‌ని కూడా అదే షరతులతో బయటపెట్టమనే ఓపెన్ సోర్స్ లైసెన్సు) కింద ఉన్న కోడ్ ముక్క మీ అమ్మకపు సాఫ్ట్‌వేర్లో కలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నూటికి ఒకసారి దాకా, తమ టూల్ ఇచ్చే సూచనలో 150 అక్షరాలకు మించి శిక్షణ కోడ్‌తో సరిపోలే ముక్క ఉండవచ్చని గిట్‌హబ్‌వాళ్లే చెప్పారు. దానికి మందు కూడా వాళ్లే పెట్టారు, పబ్లిక్ కోడ్‌తో సరిపోలే సూచనలను ఆపేసే ఫిల్టర్. నేను చూసిన నలభై కాంట్రాక్టుల్లో ఆ ఫిల్టర్ వేసి ఉంచమని అడిగింది ఒక్కటి కూడా లేదు. అందరూ రాసేది "వాడరాదు" అనే.

మూడో భయం, ఆ కోడ్ మీది అవుతుందా కాదా అన్నది. అమెరికా క్లయింట్లున్న మీకు ఇది ఎక్కువ. అక్కడి కాపీరైట్ ఆఫీసు 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో, కేవలం ప్రాంప్ట్ (ఏఐకి రాసే ఆదేశం) ఇచ్చి రాబట్టినదానికి కాపీరైట్ రాదని, మనిషి సృజన ఉన్న మేరకే వస్తుందని చెప్పింది. అదే ఏడాది మార్చిలో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు కూడా, ఏఐ గీసిన బొమ్మకు కాపీరైట్ అడిగిన థాలర్ కేసులో, రచయిత మనిషే అయి ఉండాలంది. మన చట్టం దారి వేరు. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణలోనే, కంప్యూటర్ ద్వారా తయారైన రచనకు, అది తయారయ్యేలా చేసిన వ్యక్తే కర్త అని రాసి పెట్టుకున్నాం. సెక్షన్ 2(డి)లో ఆరో ఉపనిబంధన. అప్పటివాళ్ల మనసులో ఈ చాట్ టూల్స్ లేవు, నిజమే. కానీ ఆ వాక్యం ఇప్పటికీ అమల్లోనే ఉంది, మీ కాంట్రాక్టుల్లో దాని ఊసు మాత్రం ఎక్కడా కనబడదు.

కనబడకపోవడానికి కారణం కూడా నాకు తెలుసనుకుంటాను. ఈ కాంట్రాక్టులు ఇక్కడ పుట్టినవి కావు. పోయిన ఏడాది వచ్చిన ఒకదానిలో ఫుటర్లో వేరే కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది! ఇంకా తేలికైన గుర్తు, అన్నిటిలోనూ ఉండే "వర్క్ మేడ్ ఫర్ హైర్" (రాయించుకున్నవాళ్లనే కర్తగా లెక్కేసే పని) అనే మాట. అది అమెరికా చట్టంలోని మాట. అక్కడ కూడా బయటి కాంట్రాక్టరు రాసినదానికి అది వర్తించేది తొమ్మిది రకాల రచనలకే, మామూలు సాఫ్ట్‌వేర్ ఆ జాబితాలో లేదు. మన చట్టంలో సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగి రాసినది యజమానిది. ఫ్రీలాన్సరు ఉద్యోగి కాడు కాబట్టి, వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కుదారు అతనే. అతని దగ్గర్నుంచి మీరు సెక్షన్ 19 కింద రాతపూర్వకంగా బదలాయింపు తీసుకోవాలి. అందులో ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే చెల్లుతుంది, ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికే పరిమితం. మీ ఇరవై మూడు పేజీల్లో ఈ రెండు వాక్యాలూ లేవు. ఏఐ వాడితే కోడ్ మీది కాకుండా పోతుందేమోనని పద్నాలుగో పేజీలో బెంగపెట్టుకున్నారు. పదకొండో పేజీలో చూసుకుంటే, ఏ టూలూ వాడకుండా చేత్తో రాసిన కోడ్ కూడా అయిదేళ్ల తర్వాత మీ చేతిలో ఉండేది అనుమానమే. నేను లాయర్ని కాదు. మీరు లాయర్లు కాబట్టి ఒకసారి చూడమంటున్నాను.

ఇక ఆ "పరిమితి లేకుండా".

2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఒక మాట ఇచ్చింది. డబ్బు కట్టి తమ కోపైలట్లను వాడే సంస్థల మీద, ఆ టూల్ ఇచ్చినదాని విషయంలో ఎవరైనా కాపీరైట్ కేసు వేస్తే తామే వాదిస్తామని, నష్టపరిహారం పడితే తామే కడతామని. షరతు ఒకటే, వాళ్లు పెట్టిన ఫిల్టర్లూ కట్టుబాట్లూ వేసి ఉంచాలి. గూగుల్, ఓపెన్‌ఏఐ కూడా ఆ రెండు నెలల్లోనే అలాంటి హామీలే ఇచ్చాయి. ప్రపంచంలోకెల్లా సొమ్మున్న కంపెనీలు మోస్తామన్న బరువును పక్కనపెట్టి, కాకినాడలో ఓ గదిలో కూర్చున్నవాడి నెత్తిన పెట్టడం మీకు లాభమా? నా ఇండెమ్నిటీతో, అంటే నష్టం భరిస్తానని నేనిచ్చే పూచీతో, మీకు ఒరిగేది ఏముంది? నిజంగా పెద్ద కేసు పడితే నా దగ్గర దొరికేది రెండు మానిటర్లు, ఒక ఇన్వర్టర్. అదే మీ అకౌంటులో నాకొక సీటు ఇచ్చి, ఫిల్టర్ వేసి, దాన్నే వాడమంటే ఆ హామీ మీకు వర్తించే అవకాశం ఉంటుంది. నెలకు కొద్ది డాలర్ల ఖర్చు. మీ కాంట్రాక్టు మీద మీ లాయరు పెట్టిన ఒక గంట అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది.

చెల్లించిన సొమ్మంతా వెనక్కి తీసుకుంటాం అన్న వాక్యం కోర్టులో ఎంతవరకు నిలుస్తుందో కూడా చూడండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, జరిమానాగా ఎంత రాసుకున్నా, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే దక్కుతుంది. అయితే అది కోర్టుకెళ్లిన వాళ్ల సంగతి. కేసు ఏదైనా బెంగళూరులోనే వేయాలని ఇరవై ఒకటో పేజీలో రాశారు కాబట్టి నేను వెళ్లననీ మీకు తెలుసు, నాకూ తెలుసు.

ఆ "భావిస్తే" అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే దాని రుచి నేను చూశాను. ఇది వేరే క్లయింటు. పని అప్పజెప్పిన పదో రోజున ఒక రిపోర్టు పంపారు. ఏదో వెబ్‌సైట్లో నా ఫైళ్లు వేసి చూస్తే 71 శాతం ఏఐ రాసినట్టు వచ్చిందట. లక్షా పదివేలు ఆపేశారు. ఆ రిపోర్టులో అన్నిటికంటే ఎర్రగా వెలిగిన ఫైలు, తేదీలను ఆర్థిక సంవత్సరం త్రైమాసికాలుగా మార్చే చిన్న యుటిలిటీ. అది నేను 2019లో రాసుకున్నది, ప్రతి ప్రాజెక్టులోకీ వెంట తెచ్చుకునేది. కోపైలట్ ప్రివ్యూ బయటికి వచ్చిందే 2021 జూన్‌లో. 2019 నాటి కమిట్ తేదీతో (కోడ్‌ని భద్రపరచినప్పుడు నమోదయ్యే తేదీ) స్క్రీన్‌షాట్ పంపాను. "కమిట్ తేదీలు మార్చవచ్చు కదా" అని జవాబు. మార్చవచ్చు, నిజమే. ఆ మాటకొస్తే వాళ్లు అడిగిన దానికి రుజువు అనేదే ఈ ప్రపంచంలో లేదు.

ఓపెన్‌ఏఐ తానే, ఏఐ రాసిందో కాదో చెప్పే డిటెక్టర్ ఒకటి తయారుచేసి 2023 జనవరిలో విడుదల చేసింది. వాళ్ల సొంత పరీక్షలోనే అది ఏఐ రాసిన వాటిలో 26 శాతాన్ని మాత్రమే పట్టుకుంది, మనుషులు రాసిన వాటిలో 9 శాతాన్ని ఏఐ రాసిందని పొరబడింది. కచ్చితత్వం చాలదని ఆ జులైలో దాన్ని తీసేశారు. అది మామూలు ఇంగ్లిష్ వచనం సంగతి. కోడ్‌లో ఇంకా ఇరుకు. జాంగోలో ఒక సీరియలైజర్‌ని (డేటాను పంపడానికి వీలైన రూపంలోకి మార్చే చిన్న కోడ్) ఎన్ని రకాలుగా రాస్తారు? పది మంది మంచి ప్రోగ్రామర్లు రాస్తే తొమ్మిది ఒకేలా ఉంటాయి, పదోదాన్ని రివ్యూలో మార్పిస్తారు. ఒకేలా రాయమని పదకొండేళ్లు నాకు నేర్పింది మీలాంటి కంపెనీలే. ఇప్పుడు ఒకేలా ఉంది కాబట్టి మెషీన్ రాసిందంటున్నారు.

ఆ డబ్బు రెండున్నర నెలలకు వచ్చింది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబరు జతచేసి, చిన్న సంస్థల కోసం చేసిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం 2006 ప్రకారం రాతలో ఏమున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదని, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అని గుర్తుచేశాక వచ్చింది. వడ్డీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. ఈ ఉత్తరం చదివే ఫ్రీలాన్సర్లు ఎవరైనా ఉంటే, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఈ రోజే చేయించుకోండి. లీగల్ విభాగాల వారికి రాస్తున్న ఉత్తరంలో ఈ మాట ఎందుకంటే, ఊరికే.

ప్రాజెక్టు మేనేజరు అన్న "మూడు వారాల" సంగతి కూడా మీ దృష్టికి తేవాలి, అది మీ పని కాకపోయినా. మెటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2025 జులైలో ఒక అధ్యయనం ప్రచురించింది. తమ సొంత ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన 16 మంది డెవలపర్లకు 246 పనులిచ్చి, కొన్ని ఏఐతో, కొన్ని ఏఐ లేకుండా చేయించారు. ఏఐతో చేసినవాటికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. విచిత్రమేమంటే, పని అయ్యాక కూడా తాము 20 శాతం వేగంగా చేశామనే వాళ్లు అనుకున్నారు. అవి 2025 మొదటి నెలల నాటి టూల్స్, ఈమధ్య అవి చాలా మెరుగయ్యాయి, ఒప్పుకుంటాను. నా చేతి లెక్క ఇది: కొత్త స్క్రీన్లు, మామూలు ఫారాలు, టెస్టులు రాసేటప్పుడు సగం సమయం మిగులుతుంది. ఏడేళ్లుగా నలుగురు చేతులు పెట్టిన పేమెంట్ కోడ్‌లో దిగితే ఏమీ మిగలదు. టూల్ ధైర్యంగా చెప్పిన తప్పును పట్టుకోవడానికే ఓ పూట పోతుంది. మీ పనిలో ఏ రకం ఎంతుందో చూడకుండా ఎస్టిమేట్‌ని సగానికి కోస్తే, ఆ సగంలో పోయేది చూసుకోవడం, సరిచూడటం. అంటే మీ లైసెన్సు భయానికీ, భద్రత భయానికీ ఉన్న ఒకే ఒక్క నిజమైన మందు.

ఇంకో రకం క్లాజు ఈ మధ్య కొత్తగా వస్తోంది. ఒకే కాంట్రాక్టులో తొమ్మిదో క్లాజు నన్ను ఏఐ వాడొద్దంటుంది. పదమూడో క్లాజు, నేనిచ్చే కోడ్‌తో పాటు నా కామెంట్లు, మెసేజ్‌లు, టైమ్ ట్రాకర్ పది నిమిషాలకోసారి తీసే నా స్క్రీన్ బొమ్మలు, అన్నిటినీ ఏఐ వ్యవస్థల "మెరుగుదలకు" వాడుకునే హక్కు కంపెనీకి ఇస్తుంది. అడిగాను, ఇది గంట రేటులో భాగమేనా అని. భాగమేనట. నా కోడ్ మీరు కొన్నారు, తీసుకోండి. నేను ఎలా ఆలోచిస్తానో, ఎక్కడ తడబడి ఎక్కడ సర్దుకుంటానో నేను అమ్మలేదు. అది కావాలంటే దానికి వేరే ధర మాట్లాడండి. ఇవ్వను అనలేదు, మాట్లాడమంటున్నాను.

ఏమి రాయాలో చెప్పకుండా తప్పులు మాత్రమే ఎంచితే అది ఉత్తరం కాదు, దెప్పిపొడుపు. నేను ప్రతి పనికీ మొదట్లో అర పేజీ నోటు ఒకటి ఇస్తాను. ఏ టూల్స్ వాడతాను, ఎవరి అకౌంటులో, శిక్షణ సెట్టింగు ఆపి ఉందా, పబ్లిక్ కోడ్ ఫిల్టర్ వేసి ఉందా, ఏ ఫోల్డర్ల దగ్గరికి టూల్‌ని రానివ్వను (పాస్‌వర్డులు, పేమెంట్లు, జనం సొంత వివరాలు ఉన్నవి). టూల్ పెద్ద ముక్క రాసిన చోట కమిట్ మెసేజ్‌లో ఆ మాట రాస్తాను. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. చాలామంది కలిసి రాసే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఫెడోరా ప్రాజెక్టు 2025 అక్టోబరులో ఆమోదించిన విధానం దాదాపు ఇదే. ఏఐ సాయం తీసుకోవచ్చు, తీసుకున్నానని చెప్పాలి, బాధ్యత మాత్రం పంపిన మనిషిదే. వేల మంది ముక్కూమొహం తెలియనివాళ్లు కలిసి రాసే సాఫ్ట్‌వేర్‌కి అది సరిపోయింది. ఫోన్ నంబరు, పాన్ నంబరు ఇచ్చి పనిచేసే నా విషయంలో సరిపోదా?

మీ క్లాజులో ఈ నోటుకి చోటివ్వండి. అంతకంటే ముఖ్యం, నిజం చెప్పినవాడికి ఆ చెప్పడం వల్లనే శిక్ష పడకుండా ఒక వాక్యం రాయండి. ఏ తప్పుకి బాధ్యుణ్నో పేరు పెట్టి చెప్పండి: ఒప్పుకోని అకౌంటులో మీ కోడ్ పెడితే నాదే తప్పు. లైసెన్సు చూడకుండా ముక్క కలిపితే నాదే తప్పు. టూల్ రాసింది చదవకుండా పంపితే ముమ్మాటికీ నాదే తప్పు. వాటికి నేను తీసుకున్న ఫీజు మొత్తం దాకా, ఆ మాటకొస్తే దానికి రెట్టింపు దాకా పూచీ ఉంటాను, సంతకం పెడతాను. ఎడిటర్ చూపించిన సగం లైనుకి మాత్రం ఇల్లు రాసివ్వలేను.

జనం సొంత వివరాల మాట వచ్చింది కాబట్టి చిన్న పిట్టకథ. ఏఐ నిషేధం బోల్డ్ అక్షరాల్లో ఉన్న కాంట్రాక్టు ఒకటి కుదిరిన మర్నాడు, ఆ కంపెనీవాళ్లే టెస్టింగ్ కోసమని డేటాబేసు పంపారు. వాట్సాప్‌లో. అందులో పద్దెనిమిది వేల మంది అసలు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. నేను ఆ ఫైలు తీసేసి, నకిలీ పేర్లతో ఒకటి తయారుచేసుకున్నాను. ఆ నకిలీ పేర్లు ఏఐతోనే చేయించానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పూర్తి నిషేధమే కావాలంటే కూడా నాకు అభ్యంతరం లేదు. ఇంకో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, గెంటూ లినక్స్ వాళ్లు 2024 ఏప్రిల్‌లో ఏఐ రాసిన కోడ్‌ని పూర్తిగా వద్దన్నారు. కాపీరైట్, నాణ్యత, నైతికత అని మూడు కారణాలు దాచకుండా చెప్పారు. ఆ పక్క నెలలో నెట్‌బీఎస్‌డీ అనే అలాంటి ప్రాజెక్టే ఇంకోటి కూడా, ముందస్తు అనుమతి లేకుండా ఏఐ కోడ్ పంపవద్దంది. రెండేళ్ల కింద నేనూ అలాంటి పని ఒకటి చేశాను, డబ్బు లావాదేవీలకు సంబంధించింది. లాప్‌టాప్ వాళ్లే పంపారు, బయటి ఇంటర్నెట్ లేదు, ఎడిటర్లో ప్లగిన్లన్నీ తీసేసి ఉన్నాయి, డాక్యుమెంటేషన్ మాత్రం లోపల పెట్టారు. వ్యవధి తొమ్మిది వారాలు, రేటు నా మామూలు రేటుకి ఒకటింబావు. ఆ నిషేధాన్ని నేను తు.చ. తప్పకుండా పాటించాను, పాటించడానికి వీలుగా వాళ్లే అన్నీ అమర్చారు కాబట్టి. పాత రోజుల్లోలా మాన్యువల్ తిరగేస్తూ పనిచేయడం, నిజం చెప్పొద్దూ, హాయిగా కూడా ఉండింది. ఆ కాంట్రాక్టులో ఏఐ గురించి ఉన్నది రెండే వాక్యాలు.

ప్రస్తుతం నా టేబుల్ మీద ఇంకో కాంట్రాక్టు ఉంది. ఈసారి పంతొమ్మిది పేజీలు, ఆ క్లాజు పదకొండో పేజీలో. "పరోక్షంగా" కొట్టేసి, "భావిస్తే" దగ్గర "రాతపూర్వక ఆధారాలతో తేలితే" అని మార్చి, "పరిమితి లేకుండా" బదులు ఫీజుకి రెట్టింపు మొత్తం వేసి, అర పేజీ నోటు అనుబంధంగా జతచేసి సోమవారం వెనక్కి పంపాను. మార్పులకు వీలుకాదని ఇంకా ఎవరూ అనలేదు. కోఆర్డినేటర్ మాత్రం ఫోన్ చేసి, "సార్, మీ నోటు లీగల్‌కి పంపాను, వాళ్లు చదువుతున్నారట" అంది.

ఆ చదువుతున్నది మీలో ఎవరైనా అయితే, ఆ నోటు మూడో పేరాలో ఏదైనా అర్థం కాకపోతే ఫోన్ చేయండి. సాయంత్రం ఆరు తర్వాత ఖాళీగానే ఉంటాను.

ఇట్లు,
ఒక ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్
కాకినాడ